పాత సెడాన్ కొనబోతున్నారా? పాఠకుల ప్రశ్నలకు మా జవాబులు

పదేళ్లు దాటిన సెడాన్‌ను తక్కువ డబ్బుతో కొని, నాలుగైదేళ్లు నిశ్చింతగా నడుపుకోవచ్చా అని చాలామంది రాశారు. నడుపుకోవచ్చు. పాత బండిలో మొదటి యజమాని ఎగ్గొట్టిన సర్వీసు ఖర్చంతా కొన్నవారి నెత్తిన పడుతుంది. అది ఎంతుందో కొనకముందే లెక్కగట్టగలిగితే బేరం మీ చేతిలో ఉన్నట్టే. ఈసారి జవాబులన్నీ ఆ లెక్క గురించే.

ప్రశ్న: మాకు రెండు సెడాన్లు నచ్చాయి. ఒకటి 14 ఏళ్లది. మీటరులో 45,000 కి.మీ. మాత్రమే ఉంది, సర్వీసు కాగితాలేవీ లేవు. రెండోది 10 ఏళ్లది, 1,60,000 కి.మీ. తిరిగింది, బిల్లులన్నీ ఉన్నాయి. ఇంట్లో అందరూ తక్కువ తిరిగిందే తీసుకోమంటున్నారు. ఏది మేలు?

రెండోదాన్నే ముందు పరీక్ష చేయించండి.

14 ఏళ్లకు 45,000 అంటే ఏడాదికి సుమారు 3,200 కి.మీ. మాత్రమే. మామూలుగా ఇంటి అవసరాలకు వాడే కారు ఏడాదికి 10,000 నుంచి 15,000 కి.మీ. తిరుగుతుంది. కాబట్టి మీటరునైనా వెనక్కి తిప్పి ఉండాలి, లేదా బండి ఎక్కువకాలం కదలకుండా పడి ఉండాలి. తిప్పారేమో తెలుసుకోవాలంటే మీటరు వంక చూడకండి, అరిగే వస్తువుల వంక చూడండి. బ్రేకు, క్లచ్ పెడళ్ల మీది రబ్బరు గాళ్లు, స్టీరింగ్ పైభాగం, గేరు నాబ్, డ్రైవరు సీటుకు తలుపు వైపున్న అంచు చూడండి. నిజంగా 45,000 తిరిగిన బండిలో ఇవన్నీ దాదాపు కొత్తగానే ఉంటాయి. రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ, సీటు అంచు కుంగిపోయి ఉంటే ఆ అంకెను నమ్మకండి. పెడల్ రబ్బర్లు మాత్రమే కొత్తవై, మిగతావన్నీ పాతగా ఉన్నా అనుమానించాల్సిందే.

మీటరు నిజమే అయినా సంబరపడాల్సిందేమీ లేదు. కదలని బండి లోలోపల చెడిపోతుంది. పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగిలి ఇంజెక్టర్లలో పేరుకుంటుంది. బ్రేకు క్యాలిపర్ల పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. సీళ్లు, హోజులు ఎండి పగుళ్లిస్తాయి. రోజూ రెండు కిలోమీటర్లే నడిపి ఆపేసే బండి పరిస్థితి ఇంకా అన్యాయం: ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోగానే ఆపేస్తారు కాబట్టి ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు. ఆ ఆయిల్ నల్లటి బురదలా చిక్కబడుతుంది. ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి లోపలికి చూడండి. లోహం తేనె రంగులో ఉంటే ఫర్వాలేదు. నల్లటి ముద్దలు అంటుకుని కనిపిస్తే ఆ బండిని వదిలేయండి.

రెండో బండి బిల్లులను తేదీలవారీగా పేర్చి, ప్రతి బిల్లు మీదా ఉన్న కిలోమీటర్ల అంకె వరుసగా పెరుగుతూ వస్తోందో లేదో చూడండి. ఆ తర్వాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేకు ఆయిల్ మార్చినట్టు ఎక్కడైనా రాసి ఉందేమో వెతకండి. పదేళ్ల బిల్లుల్లో ఇంజిన్ ఆయిల్ తప్ప మరేదీ లేకపోతే ఆ యజమాని సగమే చూసుకున్నట్టు. ఆ మిగిలిన సగం ఖర్చును బేరంలో తగ్గించండి.

ప్రశ్న: ఫలానా కంపెనీ బండైతే కళ్లు మూసుకుని కొనొచ్చని అంటారు. ఏ మోడళ్లు చూడాలి, వేటికి దూరంగా ఉండాలి?

కళ్లు మూసుకుని కొనగలిగే పాత కారు ఏ కంపెనీలోనూ లేదు. మంచి పేరున్న మోడల్‌లో కూడా చెడ్డ సంవత్సరాలుంటాయి. అందుకని మోడల్ పేరుతో పాటు ఇంజిన్ ఏది, గేర్‌బాక్స్ ఏది, ఏ సంవత్సరంలో తయారైంది, ఈ మూడూ కలిపి అడగాలి. దేశాన్ని బట్టి ఒకే పేరు మీద వేర్వేరు ఇంజిన్లు అమ్ముతారు కనుక ఇది మరీ అవసరం.

టయోటా కరోలా, కామ్రీ, హోండా సివిక్, అకార్డ్, మాజ్డా 3 లాంటివాటిలో టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజిన్‌కు మాన్యువల్ గేర్‌బాక్స్ గానీ, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) రకం ఆటోమేటిక్ గానీ ఉన్నవి వెతుక్కుంటే మొదలుపెట్టడానికి మంచి చోటు. విడిభాగాలు దొరుకుతాయి, పని తెలిసిన మెకానిక్కులూ ఎక్కువే. అయినా వాటిలోనూ జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. 2007 నుంచి 2009 దాకా వచ్చిన కామ్రీల్లోని 2.4 లీటర్ల ఇంజిన్‌కు ఆయిల్ తినే జబ్బు ఉండేది. పిస్టన్ మీద ఆయిల్ రింగు దగ్గరి రంధ్రాలు మసితో మూసుకుపోవడంతో ఆయిల్ పైకెక్కి కాలిపోయేది. 2006 నుంచి 2009 దాకా వచ్చిన 1.8 లీటర్ల సివిక్‌లలో కొన్నిటికి ఇంజిన్ బ్లాకు పగిలి కూలెంట్ కారేది. 2011 నుంచి 2014 దాకా వచ్చిన హ్యుందాయ్ సొనాటాలో 2.0, 2.4 లీటర్ల ఇంజిన్లకు బేరింగులు పాడయ్యే సమస్యతో పెద్ద రీకాల్ (కంపెనీయే బళ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) జరిగింది. 2012 నుంచి 2016 దాకా వచ్చిన ఫోర్డ్ ఫోకస్‌లో పొడి క్లచ్‌ల ఆటోమేటిక్, 2013 తర్వాతి నిస్సాన్ ఆల్టిమాలో సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ చాలామందిని ఇబ్బంది పెట్టాయి. వీటిలో బాగున్న బళ్లు లేవని కాదు. మరమ్మతు జరిగినట్టు కాగితం చూపించకపోతే వాటి జోలికి పోవద్దు.

మరో మాట. బండి ఛాసిస్ నంబరు, అంటే 17 అక్షరాలు, అంకెల వరుస, రాసుకుని కంపెనీ దగ్గర రీకాల్ ఏదైనా పెండింగ్‌లో ఉందేమో కనుక్కోండి. ముఖ్యంగా టకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల కోసం. ఆ బ్యాగును ఉబ్బించే అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై, పేలినప్పుడు లోహపు ముక్కలను ప్రయాణికుల మీదికి విసిరేది. ఎన్నో కంపెనీల కార్లలో అవే ఉండేవి. అనేక ప్రాణాలు పోయాయి. రీకాల్ పనికి మీ దగ్గర డబ్బు తీసుకోరు కాబట్టి, పెండింగ్ ఉందని తేలితే వాయిదా వేయకుండా చేయించుకోండి.

ప్రశ్న: మెకానిక్‌ను పిలిచే ముందు మేమే స్వయంగా ఏం చూడొచ్చు? మాకు యంత్రాల గురించి పెద్దగా తెలియదు.

తెలియకపోయినా చాలా చూడొచ్చు. ఒక టార్చి, తెల్లటి టిష్యూ కాగితం, చిన్న అయస్కాంతం తీసుకుని పగటి వెలుతురులో వెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు: మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఇంజిన్ లోపలి టైమింగ్ గొలుసు చప్పుడు, స్టార్టింగ్ మొరాయింపు, మొదటి పొగ, ఇవన్నీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. వేడి ఇంజిన్ వాటిని దాచేస్తుంది.

స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కర్ర) తీసి టిష్యూ మీద తుడవండి. ఆయిల్ మట్టం కనీసపు గీతకు కిందుంటే, ఈ బండి ఆయిల్ తింటోంది లేదా కారుస్తోంది, యజమాని పట్టించుకోలేదు. కాఫీ రంగులో పాలలా తెల్లబారి ఉంటే కూలెంట్ కలుస్తోంది. మూత కింద పలచగా తెల్లటి నురుగు మాత్రమే ఉంటే అది తేమ కావచ్చు, వెంటనే కంగారు పడకండి, డిప్‌స్టిక్ ఏం చెబుతుందో చూడండి. కూలెంట్ డబ్బాలో తుప్పు రంగు నీళ్లుంటే, కూలెంట్ పోయకుండా వట్టి నీళ్లతో నెట్టుకొచ్చారని అర్థం. పైన నూనె తెట్టె తేలితే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, దాని తలకు మధ్య ఉండే సీలు) గురించి అనుమానించాలి.

ఇప్పుడు తాళం చెవిని స్టార్ట్‌కు ముందున్న ‘ఆన్’ మెట్టుకు తిప్పి ఆపండి, స్టార్ట్ చేయకండి. ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు లైట్లన్నీ వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఒక్కొక్కటీ ఆరిపోవాలి. ఏదైనా లైటు అసలు వెలగనే లేదంటే బల్బు తీసేశారేమో, కనెక్షన్ పీకేశారేమో. అలాంటి చేతివాటం చూపినవారు ఇంకెన్ని దాచారో ఊహించుకోండి.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ వెనకాల నిలబడాలి, ఒకరు బానెట్ దగ్గర వినాలి. ఒకటి రెండు సెకన్లు గరగరమని ఆగిపోయే చప్పుడు టైమింగ్ చైన్ (వాల్వులను సరైన సమయానికి తెరిపించే గొలుసు) టెన్షనర్ బలహీనపడిందనడానికి గుర్తు. ఆ టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే గొలుసును బిగించి పట్టుకుంటుంది కాబట్టి, ఆయిల్ తక్కువ పోసి నడిపిన బళ్లలో ఈ జబ్బు ఎక్కువ. చప్పుడు ఆగకుండా, యాక్సిలరేటర్‌తో పాటే పెరుగుతూ ఇంజిన్ కింది నుంచి టకటకమంటే బేరింగులు పోయినట్టు. ఆ బండి దగ్గర ఇక సమయం వృథా చేయొద్దు.

తర్వాత కనీసం 40 నిమిషాలు నడపండి. వీధి చివరిదాకా వెళ్లి రావడం టెస్ట్ డ్రైవ్ అనిపించుకోదు. రేడియో ఆపేయండి, అద్దాలు దించండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పితే టక్ టక్ మని వినిపించడం ముందు చక్రాల సీవీ జాయింటు అరిగిందని చెబుతుంది. గతుకుల్లో దబదబమంటే సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పైనుండే మౌంటు చూడాలి. 80 కి.మీ. వేగం దాటాక స్టీరింగ్ వణికితే చాలాసార్లు వీల్ బ్యాలెన్సింగ్‌తో సరిపోతుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు. వేగంతో పాటు పెరిగే హోరు శబ్దం, బండిని కొంచెం ఎడమకో కుడికో ఒరిగించినప్పుడు మారితే వీల్ బేరింగు.

క్లచ్ చూడటానికి చదునైన రోడ్డు మీద మూడో గేరులోనో నాలుగో గేరులోనో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది.

చివర్లో ఏసీ వేసి, బండి కదలకుండా 15 నిమిషాలు ఇంజిన్ నడవనివ్వండి. వేడి సూచిక మధ్యలోనే నిలబడాలి, రేడియేటర్ ఫ్యాను తిరగాలి. సూచిక మెల్లగా ఎక్కితే ఫ్యాను, థర్మోస్టాట్, పూడుకుపోయిన రేడియేటర్, హెడ్ గాస్కెట్, వీటిలో ఏదైనా కావచ్చు. ఆ పరీక్ష అయ్యాక ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుని, వేడి మీద మొరాయించే బళ్లుంటాయి. క్రాంక్ సెన్సారో, ఇంధనం ఒత్తిడి నిలవకపోవడమో కారణం అవుతుంది. బయల్దేరే ముందు బండి నిలిపిన చోట నేల మీద చుక్కలేమైనా పడ్డాయేమో చూడండి. ఏసీ నుంచి కారే మంచినీటి చుక్కలు మామూలే.

ప్రశ్న: స్టార్ట్ చేయగానే తెల్లపొగ వచ్చింది. ‘పొద్దున పూట అన్ని బళ్లకూ వస్తుంది’ అన్నారు అమ్మేవారు. నమ్మొచ్చా?

కొన్ని నిమిషాల్లో మాయమైతే నమ్మొచ్చు. అది సైలెన్సర్‌లో చేరిన తేమ ఆవిరి కావడమే. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తూ, తియ్యటి వాసన ఉంటే కూలెంట్ సిలిండర్లోకి దిగి కాలుతోంది.

నీలిపొగ అయితే ఎప్పుడు వస్తోందో గమనించండి, జబ్బు అక్కడే తెలుస్తుంది. స్టార్ట్ చేయగానే ఒక్క ఊపు వచ్చి ఆగిపోతే, రాత్రంతా వాల్వ్ సీళ్ల మీదుగా ఆయిల్ కిందికి జారిందన్నమాట. వాలులో యాక్సిలరేటర్ వదిలేసి దిగి, మళ్లీ తొక్కినప్పుడు వచ్చినా అవే సీళ్లు. ఎక్కుడు మీద బలంగా తొక్కినంతసేపూ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు, అంటే బండి బోరుకొచ్చే (ఇంజిన్ విప్పి సిలిండర్లను సరిచేయాల్సిన) దారిలో ఉంది. ఒక్కోసారి పీసీవీ వాల్వు అనే చిన్న భాగం పూడుకుపోయినా ఆయిల్ కాలుతుంది. అది తక్కువ ఖర్చుతో పోయే పని, కాబట్టి ఇంజిన్ విప్పాలనేముందు దాన్ని చూడమనండి.

తేల్చుకోవాలంటే కంప్రెషన్ పరీక్ష చేయించండి. అన్ని సిలిండర్లలో ఒత్తిడి దాదాపు సమానంగా ఉండాలి. ఏదైనా ఒకటి మిగతావాటికన్నా 10 నుంచి 15 శాతం మించి తక్కువుంటే తేడా ఉన్నట్టే. తక్కువున్న సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. ఆయిల్ తాగే ఇంజిన్ ఖర్చు ఆయిల్‌తోనే ఆగదు. కాలిన ఆయిల్ బూడిద చేరి పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, అది ఖరీదైన భాగం.

ప్రశ్న: టైమింగ్ బెల్ట్ మార్చామని చెబుతున్నారు. చూసి తెలుసుకునే వీలుందా?

బయటి నుంచి కనిపించదు. బానెట్ ఎత్తగానే కనిపించే పొడవాటి గాళ్ల బెల్టు ఆల్టర్నేటర్‌ను, ఏసీని తిప్పేది. చాలామంది దాన్ని మార్చి ‘బెల్ట్ మార్చాం’ అంటారు. టైమింగ్ చైన్ చేసే పనే చేసే టైమింగ్ బెల్ట్ ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ కవరు లోపల ఉంటుంది. కాబట్టి మాట మీద నమ్మకుండా, కిలోమీటర్లూ తేదీ ఉన్న బిల్లు అడగండి.

ముందుగా మీ ఇంజిన్‌కు ఉన్నది టైమింగ్ బెల్ట్ అవునా, టైమింగ్ చైన్ అవునా అని కనుక్కోండి. చైన్ అయితే గడువు పెట్టి మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు. బెల్ట్ అయితే ఇంజిన్‌ను బట్టి 60,000 నుంచి 1,60,000 కి.మీ. మధ్య ఒక గడువు ఉంటుంది, దానితో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. ఏది ముందొస్తే అదే లెక్క. తక్కువ తిరిగిన పాత బండిలో ఏళ్ల గడువునే జనం మరిచిపోతారు. రబ్బరు నిలబడి ఉన్నా ముదురుతుంది.

చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని వాల్వులు వంగిపోతాయి. ఒక్క బెల్ట్ ఖర్చు తప్పించుకోబోయి ఇంజిన్ తల విప్పుకోవాల్సి వస్తుంది. బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు తీసేసి బేరమాడండి. మార్పించేటప్పుడు టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు, ఆ బెల్టే వాటర్ పంపును తిప్పుతుంటే ఆ పంపు కూడా ఒకేసారి మార్పించండి. కూలి ఒక్కసారే పడుతుంది.

ప్రశ్న: పదేళ్ల ఆటోమేటిక్ సెడాన్ కొనడం ప్రమాదమా?

మాన్యువల్‌కన్నా పరీక్ష ఎక్కువ కావాలి, అంతే. బ్రేకు తొక్కి ఉంచి పార్క్ నుంచి రివర్స్‌కు, రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చండి. ఒక సెకనులో అందుకోవాలి. రెండు మూడు సెకన్లు ఆలోచించి ధబ్ మని కుదుపుతో పడితే లోపల క్లచ్ ప్లేట్లో, ఒత్తిడో తగ్గింది. గేర్లు మారేటప్పుడు ఇంజిన్ మోత ఎగసి, ఆ తర్వాత గేరు పడితే కూడా అదే అనుమానం. సీవీటీ అయితే నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు, వేగంలో సన్నటి ఈల శబ్దం వినండి.

గేర్ ఆయిల్ చూసే కర్ర ఉంటే తీసి టిష్యూ మీద వేయండి. ఎర్రగానో, కాస్త గోధుమ రంగుకు తిరిగో ఉంటే సరే. నల్లగా, మాడిన వాసనతో ఉంటే వద్దు. ‘జీవితాంతం మార్చనక్కర్లేదు’ అని కంపెనీ పుస్తకంలో రాసి ఉన్నా పదేళ్ల ఆయిల్ అరిగిన లోహపు పొడిని మోస్తూనే ఉంటుంది. మార్పించండి. అయితే ఒకసారి నట్టు విప్పి వదిలేస్తే ఎన్నో గేర్‌బాక్సుల్లో సగం ఆయిల్ కూడా బయటికి రాదు. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కొంతకాలం నడిపి మళ్లీ మార్చడం, ఇలా రెండు మూడుసార్లు చేయడం మంచి పద్ధతి. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని బండికి మిషన్ పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగించకండి. పేరుకున్న మడ్డి ఊడి వాల్వు బాడీ సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. సీవీటీకి దానికోసం చెప్పిన ఆయిల్ తప్ప మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ ఆయిల్) పోయనివ్వొద్దు.

ప్రశ్న: పెట్రోలా, డీజిలా?

రోజూ దూరప్రయాణాలుంటేనే డీజిల్. చిన్న చిన్న తిరుగుళ్లకు పాత డీజిల్ వద్దు: ఫిల్టర్‌లో మసి కాలిపోయేంత వేడి రాదు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు పూడుకుంటుంది. ఇంజెక్టర్లు, టర్బో, డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్ దగ్గర కుదుపులు తగ్గించే బరువైన చక్రం), వీటిలో ఏ ఒక్కటి పోయినా తక్కువ ధరకు కొన్న ఆనందం ఆవిరవుతుంది.

ప్రశ్న: గుద్దుకున్న బండి, వరదలో మునిగిన బండి అని ఎలా పసిగట్టాలి?

ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకండి. బంపరు, తలుపు గీసుకుపోయి రంగేసినది కొనొచ్చు. మునిగింది మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

గుద్దుడు విషయానికొస్తే, ముందు చక్రాల పైనుండే రేకులను, బానెట్ కీళ్లను బిగించిన బోల్టుల తలలు చూడండి. కంపెనీ రంగు చెదరకుండా ఉండాలి. స్పానర్ గాట్లు పడి రంగు లేచిపోయి ఉంటే ఆ భాగం ఊడదీశారు. తలుపులు, బానెట్, డిక్కీ చుట్టూ సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా గమనించండి. అయస్కాంతానికి సన్నటి గుడ్డ చుట్టి ఉక్కు రేకు మీద ఆనిస్తే, మందంగా లప్పం పెట్టిన చోట పట్టు తగ్గిపోతుంది. రంగు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది: కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్లు ఉంటుంది, అంతకు రెట్టింపు ఉంటే మళ్లీ రంగేశారు, వెయ్యి దాటితే కింద లప్పం ఉంది. బానెట్ ఎత్తి, ఇంజిన్‌కు అటూ ఇటూ ముందుకు సాగే రెండు దూలాల్లాంటి రైళ్లు చూడండి. అవి ముడతలు పడినా, వాటి మీద కొత్త వెల్డింగ్ కనిపించినా బేరం ఆపేయండి. చక్రాలు ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఆ బండి ఒక పక్కకు లాగుతూనే ఉండొచ్చు, రెండోసారి గుద్దుకుంటే మొదటిసారి ఇచ్చిన రక్షణ ఇవ్వదు.

వరద బండికి లోపల అంతా కడిగి సెంటు కొట్టి తెస్తారు. సీటు బెల్టులను చివరిదాకా లాగండి. చుట్టుకుని ఉండే భాగంలో మట్టి చార మిగిలిపోతుంది. సీటు రైళ్లు, వాటి బోల్టులు తుప్పు పట్టాయా, స్టెప్నీ గుంటలో సన్నటి ఒండ్రు ఉందా, కార్పెట్ అంచు ఎత్తితే కింద స్పాంజి చెమ్మగా ఉందా చూడండి. డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. వైర్ల జాయింట్లు చాలావరకు సీట్ల కింద, కార్పెట్ల కిందే ఉంటాయి. ఎయిర్‌బ్యాగును నడిపించే పెట్టె కూడా చాలా కార్లలో గేరు లివరు దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. అవి మునిగిన రోజున పాడవవు. నెలల తర్వాత, చిలుము నెమ్మదిగా పాకాక ఒక్కొక్కటే మొరాయించడం మొదలుపెడతాయి.

ప్రశ్న: స్కానర్ పెట్టి చూస్తే తప్పులేవీ చూపించలేదు. సరిపోతుందా?

సరిపోదు. అమ్మేవారు మీరొచ్చే గంట ముందు, బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్లు చెరిపేసి ఉండొచ్చు. స్కానర్‌లో ‘రెడీనెస్ మానిటర్లు’ అనే పేజీ తెరవమనండి. కంప్యూటర్ తన స్వీయ పరీక్షలు పూర్తి చేసిందో లేదో అక్కడుంటుంది. చాలా మానిటర్లు పూర్తికాలేదని చూపిస్తే ఈమధ్యే కోడ్లు చెరిపారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. కొన్ని రోజులు మామూలుగా నడిపాక మళ్లీ పెట్టి చూస్తామనండి. ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: కొన్నాక వెంటనే ఏమేం చేయించాలి? ఎంత డబ్బు పక్కన పెట్టుకోవాలి?

మీ దగ్గరున్న మొత్తంలో కనీసం ఐదో వంతు బండికి ఇవ్వకుండా అట్టే పెట్టుకోండి. మొత్తం పోసి కొన్న మంచి బండికన్నా, కాస్త తక్కువలో కొని ఆ మిగులుతో సరిచేసుకున్న బండే ఎక్కువ కాలం నడుస్తుంది.

మొదటి వారంలో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించండి. 1.6, 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్లకు సుమారు 4 లీటర్ల ఆయిల్ పడుతుంది. కచ్చితమైన కొలత, గ్రేడు యజమాని పుస్తకంలో ఉంటాయి, అవే పాటించండి. ఎయిర్ ఫిల్టర్ కూడా అప్పుడే. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వాలులో గట్టిగా బ్రేకులు వాడినప్పుడు ఆ తేమ మరిగి పెడల్ లోపలికి దిగబడుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. పాత బండిలో ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఆలోచించకుండా మార్పించండి. కూలెంట్ తీయించి కొత్తది పోయించేటప్పుడు రేడియేటర్ హోజులను నొక్కి చూడమనండి. మెత్తబడి ఉబ్బినవి, పగుళ్లిచ్చినవి, థర్మోస్టాట్ అప్పుడే మార్చేస్తే దారిలో బండి ఆగిపోయే పరిస్థితి చాలావరకు తప్పుతుంది. స్పార్క్ ప్లగ్‌లు తీయించి చూడండి, వాటి కొసలు ఒక్కో సిలిండర్ ఆరోగ్యాన్ని చెబుతాయి: లేత గోధుమ రంగు మంచిది, తడిగా నల్లగా ఉంటే ఆయిల్ చేరుతోంది.

బ్రేకు ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకు వచ్చాయంటే మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైంది. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు మీద నమ్మకం పెట్టుకోవద్దు. లోపలి అంచు ఒక్కటే అరిగి ఉంటే టైరు మార్చేముందు అలైన్‌మెంట్, బుష్‌లు సరిచేయించండి, లేకపోతే కొత్త టైరు కూడా అలాగే పోతుంది. బ్యాటరీ రాత్రంతా నిలిపి ఉంచాక 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.7 మధ్య చూపించాలి. నడుస్తున్నప్పుడు 13 కన్నా తక్కువుంటే ముందు ఆల్టర్నేటర్ చూపించండి, కొత్త బ్యాటరీ కొనడం తర్వాత సంగతి.

ఆ తర్వాత మొదటి 1,000 కి.మీ. దాకా ప్రతి వారం ఉదయాన్నే, స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ చూసి మట్టం ఎక్కడుందో ఒక పుస్తకంలో రాసుకోండి. కూలెంట్ డబ్బా మీద నేటి మట్టానికి ఒక గీత గీసుకోండి. ఆయిల్ కనీసపు గీతకు దిగితే ఎన్ని కిలోమీటర్లకు దిగిందో లెక్క మీ దగ్గరుంటుంది. కూలెంట్ గీత కిందికి జారుతూ, బయట ఎక్కడా చుక్క కనిపించకపోతే, వేడి సూచిక ఎక్కేదాకా ఆగకుండా ఆ వారమే ప్రెషర్ పరీక్ష (కూలెంట్ దారిలో ఒత్తిడి పెట్టి లీకు పట్టడం) చేయించండి.